మోకాలి కింద దిండు

మా నాయన తుంటి ఎముక విరిగింది మా అమ్మను తన్నబోయి. మదనపల్లెలో ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఈ మాట చెప్పలేదు. పుంగనూరులో మా ఇంటికి పరామర్శకు వచ్చిన చుట్టాలకు చెప్పలేదు. కుప్పంలో నాతో పాటు పాఠాలు చెప్పే టీచర్లకూ చెప్పలేదు. అందరికీ ఒకే మాట చెప్పాం, బాత్రూములో జారిపడ్డాడని. వయసు మళ్ళిన మగవాడు బాత్రూములో జారిపడ్డాడంటే అందరూ ఒప్పుకుంటారు. అయ్యో అంటారు, టైల్స్ మంచివి కావంటారు, రెండో ప్రశ్న వెయ్యరు.

నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మా తాత ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలి చేశాడు, తాత వాళ్ళ నాయనా అంతే. నెల జీతం మొహం చూసిన మొదటి మనిషి మా ఇంట్లో ఈయనే కాబట్టి మర్యాద దండిగా ఉండేది. ఆయన స్టీరింగు పట్టుకుంటే కళ్ళు మూసుకుని నిద్రపోవచ్చని తంబళ్లపల్లె బస్సెక్కేవాళ్ళు అనేవారు. నిజమే కావచ్చు. మాకు మాత్రం ఆయన ఇంట్లో ఉంటే నిద్ర పట్టేది కాదు. "ఆడదాని మీద చెయ్యెత్తే రకం కాదు నేను" అని నలుగురిలో చెప్పుకునేవాడు. అందులో అబద్ధం లేదు. చెయ్యి ఎప్పుడూ ఎత్తలేదు, కాలే ఎత్తేవాడు. కూర చల్లారినా, చొక్కా గుండీ ఊడినా, అడిగిన దానికి జవాబు ఆలస్యమైనా కాలే. ఏళ్ళ తరబడి బ్రేకు తొక్కి గట్టిపడ్డ కుడికాలు అది. అమ్మ నడుముకో తొడకో తగిలేది. ఆమె లేచి చీర దులుపుకుని మళ్ళీ పనిలో పడేది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో నా దగ్గరకు వచ్చెయ్యమని ఆమెను అడిగాను. "ఊరుకో మే, జనం నవ్విపోతారు" అంది. ఆ మాటకు ఆయన మీద కంటే ఆమె మీదే నాకు ఎక్కువ మండింది.

ఆ రోజు పొద్దున అమ్మ వెనక వాకిట్లో కుళాయి పక్కన కూర్చుని గిన్నెలు తోముతోంది. కాఫీలో చక్కెర తక్కువైందని నాయన గ్లాసు పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే కాలెత్తాడు. అమ్మ ఎప్పటిలాగే కదలకుండా కూర్చుని ఉండాల్సింది. పక్కకు జరిగింది. సబ్బునీళ్ళతో తడిసిన కడప బండ మీద ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి ఉత్త గాలిని తన్ని, ఎడమ పక్కకు, సరిగ్గా తుంటి మీద పడ్డాడు.

ఇదంతా అమ్మే నాకు మదనపల్లె ఆసుపత్రి వరండాలో చెప్పింది. లోపల నాయనకు ఎక్స్‌రే తీస్తున్నారు.

"నేను కావాలని జరగల్యా మే. తోమిన చెంబు దొర్లిపోతాంటే పట్టుకుందామని జరిగినా, అంతే" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరకు తీసుకున్నాను. నవ్వుతోంది.

ఆపరేషన్ చేసిన డాక్టరు నాకంటే చిన్నవాడు. మంచివాడు, ఓపిక ఉన్నవాడు. ఒక చేతి పిడికిలిని ఇంకో అరచేతిలో పెట్టి తిప్పి చూపించాడు. తొడ ఎముక పైన ఇలా గుండు ఉంటుందనీ, దాని మెడ విరిగిందనీ, ఈ వయసులో అది అతుక్కోవడం కష్టమనీ, విరిగిన గుండు తీసేసి దాని చోట లోహపు గుండు బిగిస్తామనీ చెప్పాడు. "ఇది కాళ్ళు పోయే జబ్బు కాదమ్మా. ఆపరేషన్ అయిన మరుసటి రోజే లేపి నిలబెడతాం. వాకర్ పట్టుకుని నడిపిస్తాం. పడుకోబెడితేనే ప్రమాదం. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, మఠం వెయ్యకూడదు. ఇవి తప్పిస్తే మీ నాన్న తన పని తాను చేసుకుంటాడు" అన్నాడు.

అమ్మ చేతులు కట్టుకుని వింటోంది. "మునుపటి మాదిరే నడుస్తాడా సార్?" అని అడిగింది.

"దాదాపు మునుపటిలాగే" అన్నాడు డాక్టరు. ఆమె సంతోషిస్తుందనుకుని నవ్వాడు కూడా. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను. ఆయనకు అది భక్తిలా కనిపించి ఉంటుంది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మరుసటి రోజు ఫిజియో అమ్మాయి వచ్చింది. బక్కపల్చటి పిల్ల, నాయన లాంటి వాళ్ళను రోజూ లేపుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. లేపింది. నాయన ఆమెను బూతులు తిట్టాడు. బస్సుకు అడ్డమొచ్చిన లారీవాళ్ళను తిట్టేవి అవి. ఆ పిల్ల చెవిన పెట్టుకోలేదు. మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ పట్టించి, నిలబెట్టి, రెండడుగులు వేయించి పడుకోబెట్టింది. అప్పుడు అమ్మకు జాగ్రత్తలు చెప్పింది. పక్కకు తిరిగేటప్పుడు రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టాలట. "మోకాలి కింద మాత్రం పెట్టొద్దమ్మా. మోకాలు వంగి ఉంటే పేషెంటుకు సుఖంగా ఉంటుంది, పెట్టమనే అడుగుతాడు. ఆ సుఖానికి అలవాటు పడితే మోకాలు అట్లే బిగిసిపోతుంది, తుంటి కూడా సాగదు. ఇంక నిలబడలేడు."

"ఏమంటివి పాపా, ఇంగొగసారి సెప్పు" అంది అమ్మ. ఆ పిల్ల ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. అమ్మ తలూపింది.

మా వైపు మనుషులకు జబ్బుపడ్డవాణ్ణి ప్రేమించడం అంటే కదలనివ్వకపోవడమే. జ్వరమొచ్చినా, కాన్పయినా, కాలు విరిగినా అదే మందు. పడుకోబెట్టాలి, నోటికి అందించాలి, పత్యం పెట్టాలి. నిన్న కోసిన కాలిని ఇవాళ నేల మీద మోపించే డాక్టరు వార్డులో అందరికీ రాక్షసుడిలా కనిపించాడు. పక్క మంచం ముసలామె కూతురిది గుర్రంకొండ. ఆ కూతురు మా అమ్మను పిలిచి, "వాళ్ళట్లే అంటారుక్కా. మూడు నెల్లు కదపకూడదు, కదిలిస్తే ఎముకెట్ల అతుక్కుంటాది? బిడ్డలు కనినోళ్ళకు ఆ మాత్రం తెలీదా మనకు?" అంది. ఎముక అతుక్కోవడానికి అక్కడ ఎముక లేదు, ఇనుము ఉందని నేను చెప్పబోయాను. ఇద్దరూ నన్ను చదువుకున్న మూర్ఖురాల్ని చూసినట్టు చూశారు. అమ్మ ఆమెకు ఎంతో వినయంగా, "నువ్వు సెప్పింది నిజిమే సెల్లీ" అంది. మా అమ్మ ఎవరి మాటనూ అంత త్వరగా ఒప్పుకునే మనిషి కాదు.

పుంగనూరు ఇంట్లో టీవీ ఎదురుగా మంచం వేశారు. నాయన బతుకులో అంత వైభోగం ఎప్పుడూ లేదు. కాఫీ అడగకముందే వచ్చేది. అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో ఒళ్ళు తుడిచేది, గడ్డం గీయించేది, బెడ్‌పాన్ పెట్టి తీసి కడిగేది. ఒక్కసారి మొహం చిట్లించలేదు. వీధి వీధంతా ఆమెను పొగిడింది. ఎదురింటావిడ నన్ను పట్టుకుని, "మీయమ్మ మాదిరి సేసేవోళ్ళు ఈ కాలంలో యాడుండారమ్మా? మా కోడళ్ళను పిల్సుకొచ్చి సూపిచ్చాల" అని కళ్ళు తుడుచుకుంది. నాయన ఆ పొగడ్తలన్నీ తనకే వచ్చినట్టు దిండుకు ఆనుకుని వినేవాడు.

పత్యం సంగతి వేరే చెప్పాలి. పుండుకు చీము పట్టించే తిండిని నంజు అంటారు, అది తినకూడదని మా వాళ్ళ పట్టుదల. వంకాయ నంజు, గుమ్మడికాయ నంజు, గుడ్డు నంజు, కందిపప్పు కూడా ఎందుకైనా మంచిదని నంజే. మిగిలింది మిరియాల చారు, మెత్తటి అన్నం. గుడ్లూ పప్పులూ బాగా పెట్టమని, లేకపోతే కండ తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అమ్మ నాయనకు మిరియాల చారు పోసేది. ఆదివారం పూట తనకు నాటుకోడి వండుకునేది. మంచం నుంచి వంటిల్లు బాగా కనిపిస్తుంది. ఆమె నింపాదిగా ఎముకలు చీకుతూ తినడం, ఆయన చారన్నం ముందు పెట్టుకుని ఆ వాసన పీల్చడం నేను చూశాను. "ఒగ ముక్క ఎయ్యే" అన్నాడు ఒకసారి, బతిమాలినట్టే. "అమ్మో, పుండు సీము పడితే నాకెవరు దిక్కు?" అంది ఆమె.

నేను శనివారం బడి అయ్యాక కుప్పంలో బస్సెక్కి పలమనేరు మీదుగా పుంగనూరు చేరేదాన్ని. వెళ్ళిన మొదటివారమే దిండు చూశాను. పాత చీరలు మడిచి, గలీబు తొడిగి, నాయన ఎడమ మోకాలి కింద పొందికగా పెట్టింది. తీసేశాను. నాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "నీకు నేనంటే ఎప్పుడూ గిట్టదు, సంపేదానికి వచ్చినావు" అన్నాడు. అమ్మ పరుగెత్తుకొచ్చి దిండు మళ్ళీ పెట్టింది. "పాపం, నొప్పి అంటాండాడు కదా మే. నీకు గుండె ల్యా" అంది. ఇద్దరూ ఒకటై నన్ను తిట్టడం నా జీవితంలో అదే మొదలు.

ఇంటికొచ్చి కసరత్తు చేయించడానికి ఒక ఫిజియో కుర్రాణ్ణి నేనే మాట్లాడి పెట్టాను. ఇంకో వారం వెళ్ళేసరికి అతను రావడం మానేశాడు. ఫోన్ చేస్తే, "మీ అమ్మగారు కాఫీ ఇచ్చి పంపించేస్తున్నారు మేడం. సార్‌కి నిద్ర పట్టింది, నొప్పిగా ఉంది, రేపు రా అంటున్నారు. సార్ కూడా వద్దనే అంటున్నారు" అన్నాడు. వాకర్ వెనక వాకిట్లో ఉంది. దాని మీద అమ్మ తువ్వాళ్ళు ఆరేసుకుంటోంది.

ఆ సాయంత్రం వంటింట్లో తలుపు దగ్గరికి వేసి నిలదీశాను. కావాలనే చేస్తున్నావా అని అడిగాను. ఆమె చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు.

"కావాలనే అంటే ఏంది మే? ఆయన పండుకుంటా అంటాడు, నేను పండబెడతాండా. నొప్పంటాడు, దిండు పెడతాండా. కసరత్తు వద్దంటాడు, ఆ పిల్లోణ్ణి పంపించేస్తాండా. నేను వచ్చిన కాణ్ణించి ఈ ఇంట్లో ఆయన సెప్పిందే కదా సేస్తి. ఇప్పుడు మాత్రం ఆయన మాట యాల కాదనాల?"

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు. నాయనకు కావాల్సింది సేవ, ఆమె సేవ చేస్తోంది. ఊరు చూస్తోంది, మెచ్చుకుంటోంది. ఇంత బాహాటంగా, ఇంత మంచి పేరుతో ఒక మనిషి కాళ్ళు తీసెయ్యవచ్చని నాకు అంతకుముందు తెలియదు. నిజం చెప్పాలంటే నాకు మా అమ్మంటే భయం వేసింది. ఆ భయంలో కొంచెం గర్వం కూడా ఉంది.

అయినా మనసు ఊరుకోలేదు. ఎంతైనా నాయన. మరునాడు ఆమె ఎదురింటికి వెళ్ళినప్పుడు తువ్వాళ్ళు తీసి పడేసి వాకర్ లోపలికి తెచ్చాను. దిండు లాగేశాను. "తిడితే తిట్టు, లే" అన్నాను. చంకల కింద చేతులు పెట్టి, ఆ ఫిజియో అమ్మాయి చేసినట్టే లేపాను. కాలు అప్పటికే పూర్తిగా సాగడం లేదు, మడమ నేలకు ఆనలేదు. మంచి కాలి మీద బరువు వేసి, వాకర్ పిడులు పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. నిలబడ్డాడు! అన్ని వారాల తర్వాత ఆయన మొహం నా మొహం కంటే ఎత్తులో ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు, సంతోషమే.

అప్పుడే అమ్మ వచ్చింది. చేతిలో ఎదురింటివాళ్ళు ఇచ్చిన పులిహోర గిన్నె ఉంది. గడప దాటి ఆయన్ను నిలువునా చూసి ఆగిపోయింది. పక్కకు తిరిగి, గోడకు అతుక్కుని, మోచెయ్యి మడిచి నడుముకు అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి పెట్టుకున్నట్టు ఆమెకు తెలియదనుకుంటాను. ఆయన కాలు ఆమె దాకా రాదు, మధ్యలో వాకర్ ఉంది, నేనున్నాను. అయినా ఆ ఒళ్ళు దాని లెక్కలో అది ఉంది.

నాయన చూశాడు. ఆయనకు అర్థమైంది. నొప్పితో వంకరపోయిన మొహంలోంచే నవ్వు వచ్చింది.

"ఏమే, బయపడితివా?" అన్నాడు.

ఆ నవ్వు నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఆయన్ను మెల్లగా మంచం మీద కూర్చోబెట్టి, పడుకోబెట్టాను. తర్వాత మళ్ళీ నేను ఆయన్ను లేపలేదు. దిండు ఎవరు పెట్టారో కూడా చూడలేదు.

వానలు పడే కాలానికి అమ్మ ఒళ్ళు చేసింది. జడలో పూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎదురింటి అరుగు మీద కూర్చుని, గట్టిగా, నోరంతా తెరిచి నవ్వేది. మా అమ్మకు అంత పెద్ద నవ్వు ఉందని నాకు తెలియదు. మదనపల్లెకు చీరలు కొనడానికి పక్కింటాళ్ళతో బస్సులో వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు ఆయనకు బెడ్‌పాన్ పెట్టి, చేతికందేలా నీళ్ళు పెట్టి, టీవీ వేసి, రిమోటు మాత్రం టీవీ పక్కనే పెట్టి వెళ్ళింది. ఆయన పొద్దంతా ఏదో భక్తి చానెల్ చూశాడట. దేవుడంటే గిట్టని మనిషి.

ఇప్పుడు కాఫీ అడగకముందే రావడం మానేసింది. అడిగాక కూడా ఆలస్యమయ్యేది. అరిచేవాడు. అరుగు మీది నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యేది. నేను వెళ్ళినప్పుడు నన్ను కూర్చోబెట్టుకుని పళ్ళు నూరేవాడు. "లేసి నడిసినాననుకో, దాని సంగతి సూస్తా. అరుగెక్కి నవ్వుతాండాది. ఆ పండ్లు ఉంటాయో ఊడతాయో సూస్తా." ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన మంచి కాలు దుప్పటి కింద కదిలేది.

ఆయనతో పాటు పనిచేసిన కండక్టరు ఒకాయన చూడటానికి వచ్చాడు. దుప్పటి తొలగిన చోట ఎడమ తొడ చూసి, "ఇదేందప్పా, కాలు ఇట్ల ఎండిపోయుండాది? ఎవురన్నా నడిపిచ్చల్యా నిన్ను?" అన్నాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ రోజు ఆయన తన కాలిని తనే చేత్తో కిందికి నొక్కి చూసుకున్నాడట. మోకాలు మంచానికి ఆనలేదు. మర్నాడు నాకు ఫోన్ చేశాడు. అమ్మ ఇంట్లో లేని సమయం చూసి చేశాడు. ఏడుస్తున్నాడు.

"అమ్మా, నన్ను కుప్పం పిల్సకపో. ఆడ పెద్ద డాక్టర్లు ఉండారంట. నన్ను నడిపిచ్చమ్మా. నీ కాళ్ళకు మొక్కుతా. ఈ మంచం మీద నేను కుళ్ళిపోతాండా."

నిజంగానే కుళ్ళిపోతున్నాడు. నడుము కింద పుండు పడింది. అమ్మ దాని మీద పౌడరు చల్లి, పైన శుభ్రమైన గుడ్డ పరిచేది. ఎంత చెడ్డవాడైనా ముసలివాడు ఏడిస్తే వినలేం. కారు మాట్లాడి, వెనక సీటులో పరుపు వేసి కుప్పం తీసుకెళ్ళాను. అమ్మ అడ్డు చెప్పలేదు. కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

కుప్పం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కాలు ఒంచి చాపి చూశారు, పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. నాయన్ను స్ట్రెచర్ మీద వరండాలో ఉంచి డాక్టరు నన్నూ అమ్మనూ లోపలికి పిలిచాడు. పెద్దాయన. తెల్లటి దీపం మీద ఎక్స్‌రే పెట్టి కాసేపు చూశాడు.

"మదనపల్లెలో చాలా బాగా చేశారమ్మా. గుండు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, వంక పెట్టడానికి లేదు. ఈ మనిషి ఈపాటికి మార్కెట్టుకు నడిచి వెళ్ళి రావాలి. అసలు ఎందుకు నడవలేదు?"

నేను అమ్మను చూశాను. ఆమె టేబుల్ మీదున్న ప్లాస్టిక్ మోకాలి బొమ్మను చూస్తోంది.

"నొప్పికి ఓర్సుకోలేడు సార్ ఆయన" అంది.

డాక్టరు నిట్టూర్చాడు. ఇలాంటివి రోజూ చూస్తాడు. ప్రేమతో పాడుచేస్తారమ్మా అన్నాడు. అని నాకు వివరించాడు. మోకాలి వెనక బిగిసిపోయిన కండరాల్ని వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉంది. ముందు పుండు మానాలి. తర్వాత కొన్ని వారాలు ఇక్కడే ఉంచి రోజూ కసరత్తు చేయించాలి. నొప్పి బాగా ఉంటుంది, అరుస్తాడు, వినకూడదు. "గుండె గట్టిగానే ఉంది ఆయనకు. చేయిస్తే నడుస్తాడు. కర్ర పట్టుకుని కావచ్చు, కానీ నడుస్తాడు. ఇంకా ఆలస్యం చేస్తే నేను కూడా ఏమీ చెయ్యలేను. ఇంక మంచమే. ఈ పుండ్లతో ఎక్కువ కాలం లాగలేడు కూడా. మీరు టీచరన్నారు కదా, చదువుకున్నవారు. మీరే చెప్పండి. ఇవాళ అడ్మిట్ చేసుకోమంటారా?"

కర్ర పట్టుకుని అన్నాడు. ఆ మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. నాయన చేతిలో కర్ర.

అమ్మ నా వైపు చూడలేదు. బతిమాలలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకున్న సంచి పిడులు మెలితిప్పుతోంది. కొత్త చీర మడతలు ఇంకా పోలేదు. బయట వరండాలో నాయన దగ్గుతున్నాడు. ఆ దగ్గు గదిలో ముగ్గురికీ వినిపిస్తోంది.

"ఇంటికి తీసుకెళ్తాం సార్" అన్నాను.

"ఆలోచించుకోండి. ఆయన్నే ఒకసారి అడగండి" అన్నాడు డాక్టరు.

"ఆయనే అడ్మిట్ వద్దన్నారు సార్" అన్నాను. పిల్లలకు హోంవర్క్ చెప్పే గొంతుతోనే చెప్పాను. డాక్టరు పుండుకు పూతమందు రాసిచ్చాడు, పక్కలు మారుస్తూ ఉండమన్నాడు.

నాయన్ను మళ్ళీ కారులోకి ఎక్కించాం. కుప్పం దాటి రోడ్డెక్కాక ఆయన పరుపు మీంచి తల ఎత్తి, తన కాళ్ళ దగ్గర ఇరుక్కుని కూర్చున్న నా మొహం చూస్తూ ఆశగా అడిగాడు.

"డాక్టరు ఏమనె అమ్మా? నడిపిస్తాడంటనా?"

"నడుస్తావంట నాయనా. ఇప్పుడే కాదు. ఇంకొన్నాళ్ళు కదలకుండా పండుకోమన్నాడు" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూశాడు. తర్వాత నమ్మాడు. చదువుకున్న కూతురు, టీచరు, నేను అబద్ధం చెప్పనని ఆయనకు నమ్మకం. "పెద్ద డాక్టరు కదా, తెలిసుంటాది" అని పరుపు మీదికి వాలాడు. ముందు సీట్లోంచి అమ్మ వెనక్కి తిరిగి, ఆయన దుప్పటి భుజాల దాకా లాగి, అంచులు జాగ్రత్తగా కిందికి మడిచింది.

"కదలొద్దు, నేనుండా కదా" అంది.